ఇంటర్మీడియెటు విద్యార్థుల మొఱ

ఏటేట వేసవిలో పరీక్షాఫలితములు వెలువడునప్పుడు పత్రికల తొలిపుటలు చిన్నవారి ముఖములతో నిండిపోవును. ప్రతి ముఖము క్రింద నొక అంకె యుండును. ఆ అంకెలను జూచి మనము సంతసించుచున్నాము. సంతసింపవలసినదే, ఆ పిల్లలు కష్టపడినారు. కాని యొక్కొక్క సంస్థలో వేలకొలది చేరగా ఆ పుటమీది కెక్కినవారు ఏ పదుగురో ఇరువదిమందియో మాత్రమే. తక్కినవారెచ్చట నున్నారు? వారి మాట వినుటకు తల్లిదండ్రులకు మనసు రాదు, కళాశాలవారికి లాభము లేదు, ప్రభుత్వమునకు తీరిక లేదు. ఈ దినమున మేము వారిని గుఱించియే వ్రాయదలచితిమి.

నేటి విద్యార్థులు సుఖమునకు మరగి చదువునకు వెనుదీయుచున్నారని పెద్దలు చెప్పుచుండుట కలదు. మే మాయభిప్రాయముతో నేకీభవింపజాలము. తెల్లవాఱకమునుపే లేచి రాత్రి పది దాటువఱకు పుస్తకము విడువని పిల్లవానిని సోమరి యనుట న్యాయము గాదు. వాని మొఱ వేఱు. రెండేండ్లలో రెండు చదువులు చదివించిరి, ఆ రెంటిలో నొకటియు నాది కాలేదు అనుట వాని మొఱ. ఇందు సత్యమెంత గలదో పాఠకులు విచారింపవలెనని మా ప్రార్థన.

పూర్వపు పి.యు.సి.కి బదులుగ రెండేండ్ల ఇంటర్మీడియెటు ఆంధ్రప్రదేశమున 1969లో ప్రవేశపెట్టబడినది. 1971లో దానికై ప్రత్యేకముగ నొక బోర్డు నేర్పఱచిరి. ఉన్నతపాఠశాలకును కళాశాలకును నడుమ నీ రెండేండ్లు బాలుడు తన యిష్టమును తాను తెలిసికొను కాలముగ నుండవలెనని యుద్దేశము. 1980 తరువాతి సంవత్సరములలో ఎంసెట్టు వచ్చినది. అటుపిమ్మట దేశమంతటికి నేర్పడిన జె.ఇ.ఇ., వైద్యవిద్యకు నీటు వచ్చినవి. ఒక్కొక్క పరీక్ష వచ్చినకొలది బోర్డు పరీక్ష విలువ కరగిపోయినది. జె.ఇ.ఇ. మెయిన్సున 2013 మొదలు 2016 వఱకు బోర్డు మార్కులకు నూటికి 40 పాళ్ళు విలువ నిచ్చి చూచిరి. 2017లో దానిని తీసివేసిరి. రాష్ట్రపు ప్రవేశపరీక్షలో ఆ మార్కులకు నూటికి 25 పాళ్ళుండెడివి. తెలంగాణమున 2023లో ఆ పాళ్ళును శాశ్వతముగ రద్దుచేసిరి. ఆంధ్రప్రదేశమున కోవిడు సంవత్సరములలో ఆగి, 2023లో మఱల వచ్చినవి.

ఫలితమేమన, రెండేండ్ల చదువునకు ర్యాంకులో విలువ లేదు, ఉన్నను స్వల్పము. కాని యా చదువున తప్పినచో ర్యాంకునకే విలువ లేదు. విద్యార్థి ఇద్దఱు యజమానుల క్రింద నొక్కసారి పనిచేయవలసి వచ్చినది. ఒక యజమాని వానిని రెండు మూడు పుటల వ్యాసము కంఠస్థము చేసి తప్పులేక వ్రాయు మనును. రెండవ యజమాని 180 నిమిషములలో 160 ప్రశ్నలకు జవాబు గుర్తింపు మనును. అనగా ప్రశ్న యొకటికి ఒక నిమిషముమీద ఏడున్నర సెకండ్లు. మొదటిది వ్రాతను, రెండవది వేగమును కోరుచున్నవి. ఈ సూత్రమెట్లు పుట్టినది, ఇది యేల నిజము అని నిలిచి యోచించు నలవాటు మొదటిదానికి అక్కఱలేదు, రెండవదానికి హానికరము. గణితముపై నిజమైన ప్రీతితో వచ్చిన బాలుడు మొదటి యాఱు మాసములలోనే యీ సంగతి గ్రహించి ప్రశ్న లడుగుట మానివేయుచున్నాడు. అడిగినను ఉపన్యాసకునకు చెప్పు స్వాతంత్ర్యము లేదు. ఏ దినమున ఏ గంటలో ఏ పుట ముగింపవలెనో ప్రధానకార్యాలయము నుండి పట్టిక వచ్చియుండును.

భాషల సంగతి విన్నచో పాఠకులకు నవ్వును వచ్చును, దుఃఖమును వచ్చును. తెలుగు తల్లిదండ్రుల బిడ్డలు, పదవ తరగతి వఱకు తెలుగు చదివినవారు, ఇంటర్మీడియెటున చేరగానే సంస్కృతమును ద్వితీయభాషగ గైకొనుచున్నారు. గీర్వాణభాషపై హఠాత్తుగ నింత మక్కువ యేల కలిగినదని విచారించినచో, అది కాళిదాసుపై భక్తి గాదని తేలును. ఆ పత్రమున జవాబులు తెలుగుననో ఇంగ్లీషుననో వ్రాయవచ్చును, పాఠ్యము స్వల్పము, మార్కులు తొంబదియైదు దాటి వచ్చును. దేవనాగరి యక్షరములు కూడబలుకుకొనలేని విద్యార్థి సంస్కృతమున తొంబదియెనిమిది మార్కులతో నుత్తీర్ణుడగుచున్నాడు. సంస్కృతము రాలేదు, తెలుగు పోయినది. ఈ యేర్పాటు విద్యార్థి కోరినది గాదు. దరఖాస్తు కాగితమున ఆ గడి కళాశాల గుమాస్తాయే నింపును. పెక్కు క్యాంపసులలో తెలుగు కావలెనన్నను చెప్పువారుండరు.

ప్రయోగశాలల గతియు నిట్టిదే. భౌతికశాస్త్రము, రసాయనశాస్త్రము చేతితో నేర్చుకొనవలసిన విద్యలు. అద్దాల బీరువాలో నున్న గాజుసామానుపై ధూళి యెంత మందముగ నున్నదో చూచినచో ఆ కళాశాలలో ప్రయోగములెంత జరుగుచున్నవో తెలియును. పరీక్షకు ముందు పది దినములు బీరువా తెఱతురు. మార్కులు మాత్రము దాదాపు అందఱికిని పూర్తిగ వచ్చును. లోలకము నూగించి కాలము కొలువని బాలుడు లోలకమును గుఱించి నాలుగు వందల ప్రశ్నలకు జవాబు గుర్తింపగలడు. ఇది యొక విచిత్రమైన ప్రజ్ఞ.

ఇక హాస్టలు. ఇచ్చట మేము కొంచెము నిలిచి చెప్పవలసియున్నది, ఏలయన తల్లిదండ్రులు చేర్చిననాడు జూచిన గదికిని, మాఱునాటి నుండి పిల్లవాడు నివసించు గదికిని సంబంధము తక్కువ. స్టడీ అవరుతో దినము మొదలగును, స్టడీ అవరుతోనే ముగియును. నడుమ తరగతులు. భవనము పట్టణమున నద్దెకు తీసికొన్న నాలుగైదంతస్తుల మేడయైనచో ఆటస్థలము లేనే లేదు. వారాంతమున పరీక్ష, సోమవారమున మార్కుల పట్టిక. ఆ పట్టికనుబట్టి సెక్షనులు మాఱుచుండును. పై సెక్షనునకు మంచి ఉపన్యాసకులు, క్రింది సెక్షనునకు నిన్న మొన్న డిగ్రీ ముగించినవారు. ఇద్దఱి తండ్రులును చెల్లించిన రుసుము మాత్రము చాలచోట్ల సమానమే. పై సెక్షనువారి ర్యాంకులు పత్రికలో ప్రకటింపబడును. ఆ ప్రకటన వ్యయము క్రింది సెక్షనువారి రుసుములనుండి వచ్చును. ఈ లెక్క మేము చెప్పుట గాదు, క్రింది సెక్షనులోని పదునాఱేండ్ల బాలుడు తానే గట్టి చెప్పగలడు. తాను ఇతరుల ర్యాంకునకు పెట్టుబడియని తెలిసికొనిన బాలుని మనఃస్థితి యెట్టిదో పెద్ద లూహింపవలెను. ఔటింగు దినమున తల్లి వచ్చి, ఎట్లున్నావు నాయనా అని యడుగక, ఈ వారము ఎన్ని వచ్చినవి అని యడిగినచో వానికి మాటలాడుటకు మిగిలినదేమి?

పరీక్షలయినను నమ్మదగినవిగ నున్నచో కొంత యూరట. 2019 ఏప్రిల్ 18వ తేదీన తెలంగాణ ఇంటర్మీడియెటు ఫలితములు వెలువడినప్పుడేమి జరిగినదో పాఠకులు మఱచియుండరు. వ్రాసినవారిని రాలేదనియు, చక్కగ వ్రాసినవారిని తప్పిరనియు చూపిన పట్టికలు బయటపడినవి. మొదటి సంవత్సరమున ఉత్తమముగ నుత్తీర్ణురాలైన యొక విద్యార్థినికి రెండవ సంవత్సరపు తెలుగున శూన్యము వచ్చినది. పత్రము మఱల చూడగా అది 99. ప్రభుత్వము మువ్వురు సభ్యుల కమిటీని నియమించినది. తప్పినవారందఱి పత్రములను ఉచితముగ పునఃపరిశీలించుట కుత్తరువిచ్చినది. ఆ దినములలో నిరువదిమందికి పైగా పిల్లలు ప్రాణములు తీసికొనిరి. వారిలో నెవరు నిజముగ తప్పిరి, ఎవరు తప్పలేదు అను విచారణ మా దృష్టిలో నప్రస్తుతము. ఒక పత్రమున తప్పుట మరణమునకు కారణముగ తోచునట్టి యింటిని, కళాశాలను మనమేల కట్టితిమనునదియే విచారణీయము. దేశమంతటను 2022లో 13,044 మంది విద్యార్థు లాత్మహత్య చేసికొనిరని జాతీయ నేరగణాంక సంస్థ తెల్పినది.

2024 మే 5వ తేదీన జరిగిన నీటు కథ మఱియొకటి. ఇరువదిమూడు లక్షలకు పైబడి విద్యార్థులు వ్రాసిరి. ఎం.బి.బి.యస్. సీట్లు దేశమంతట లక్షకు కొంచెము పై. హజారీబాగు, పాట్నాలలో ప్రశ్నపత్రము వెల్లడియైనమాట నిజమని సుప్రీంకోర్టు గుర్తించినది. కాని యది పరీక్షనంతను చెఱచినదనుటకు ఆధారము చాలదని జూలై 23న మఱల పరీక్ష పెట్టింప నిరాకరించినది. ఈ సంగతు లందఱు నెఱుగుదురు. మా మనసున నిలిచిపోయినది చిన్నదైన వేఱొక విషయము. భౌతికశాస్త్రమున నొక ప్రశ్న. ప్రతి మూలకపు పరమాణువులు స్థిరమైనవని పాత పాఠ్యపుస్తకమున నుండెను. పెక్కు మూలకముల పరమాణువులు స్థిరమైనవని క్రొత్త పుస్తకమున దిద్దిరి. పాత పుస్తకము చదివినవా రొక జవాబును, క్రొత్తది చదివినవారు వేఱొక జవాబును గుర్తించిరి. మొదట రెంటికిని మార్కులిచ్చిరి. కోర్టు ఢిల్లీ ఐ.ఐ.టి. నిపుణుల నడుగగా, క్రొత్త పుస్తకపు జవాబే సరియని వారు చెప్పిరి. దానితో నాలుగు లక్షలకు పైబడినవారికి, ఉన్న నాలుగు మార్కులు పోయి, తప్పునకు మఱియొకటి తఱిగి, అయిదేసి మార్కులు నష్టమైనవి. శాస్త్రరీత్యా నిపుణుల మాట నిజమే. కాని పాత పుస్తకము చదువువారెవరు? అన్నగారి పుస్తకము చదువుకొను తమ్ముడు, వీథిచివర పాతపుస్తకముల దుకాణమున సగము వెలకు కొన్న బీదవిద్యార్థి. అయిదు మార్కులు తఱిగినచో ర్యాంకు వేలమెట్లు దిగిపోవును. ఒక్క మాటకు నష్టపరిహార మెచ్చట దొరకును?

ఈ ప్రవేశపరీక్షలను రద్దుచేయవలెనని మేము కోరుచున్నామని పాఠకులు తలంపరాదు. ర్యాంకుల పట్టికకు సిఫారసు ఉత్తరము చదువుట రాదు. పల్లెయందలి కూలివాని బిడ్డయు జిల్లా యధికారి బిడ్డయు ఆ పట్టికలో పేరులేని అంకెలుగ నిలుతురు. ఇది చిన్న విషయము గాదు. మఱియు తమిళనాడు ప్రభుత్వము 2007లో ఇంజనీరింగు ప్రవేశపరీక్షను తీసివేసి పండ్రెండవ తరగతి మార్కులనే ప్రమాణముగ గొన్నది. అంతట నచ్చటి పిల్లలకు విశ్రాంతి లభించినదా? నామక్కల్ ప్రాంతమున మార్కులు పండించు వసతిపాఠశాలలు ప్రసిద్ధికెక్కినవి. పరీక్ష పేరు మాఱినంత మాత్రమున రోగము కుదురదనుట కిది నిదర్శనము. ఎక్కడ ద్వారము ఇఱుకో అచ్చట త్రోపులాట తప్పదు. అయినను త్రోపులాటలో పిల్లలను త్రొక్కకుండ చూచుట మన చేతిలోని పని.

బందరున 1910లో జాతీయకళాశాలను స్థాపించిన పెద్దలకు ఆనాటి విశ్వవిద్యాలయపు పరీక్షలపై నున్న ఫిర్యాదు ఇట్టిదే యనవచ్చును. చేతిపని లేని చదువు, దేశభాష లేని చదువు గుమాస్తాలనే తయారుచేయునని వారి బాధ. గుమాస్తా యుద్యోగమునకు బదులు నేడు సాఫ్టువేరు ఉద్యోగము వచ్చినది, జీతము పెరిగినది. తక్కిన మాట వారు చెప్పినదే.

ప్రభుత్వము లూరకున్నవని చెప్పుటయు సరిగాదు. కాగితములు చాల గలవు. ఉమ్మడి రాష్ట్రమున 2001లో నీరదారెడ్డిగారి కమిటీ కార్పొరేటు కళాశాలల విద్యార్థుల యాత్మహత్యలను విచారించినది. కేంద్రప్రభుత్వము 2024 జనవరిలో పదునాఱేండ్ల లోపువారిని శిక్షణకేంద్రములలో చేర్చుకొనరాదని మార్గసూత్రములు వెలువరించినది. అన్నిటికన్న ముఖ్యమైనది 2025 జూలై 25న సుప్రీంకోర్టు చెప్పిన తీర్పు. విశాఖపట్టణమున నీటు శిక్షణ పొందుచుండిన పదునేడేండ్ల విద్యార్థిని 2023లో మరణించుటను గుఱించి వచ్చిన వ్యాజ్యమది. విచారణను సి.బి.ఐ.కి అప్పగించుచు, కోర్టు దేశమంతటికిని పదునైదు మార్గసూత్రములు విధించినది. చట్టము వచ్చువఱకు నవియే చట్టమని చెప్పినది. నూర్గురు విద్యార్థులున్న ప్రతి సంస్థయు మానసిక విషయములలో శిక్షణ పొందిన యొక సలహాదారునైన నియమింపవలెను. మార్కులనుబట్టి బ్యాచీలుగ విడదీయుట, పదుగురిలో నవమానించుట మానవలెను. మేము పైన వర్ణించిన సోమవారపు సెక్షనుల మార్పు ఈ యాజ్ఞకు నేరుగ విరుద్ధము. ఆ సెక్షనులు నేటికిని ఎన్ని క్యాంపసులలో నున్నవో లెక్కించుట తనిఖీయధికారుల విధి. ఆ లెక్కను కళాశాల పేరుతో సహా ప్రకటించుట ప్రభుత్వముల విధి. రెండు రాష్ట్రముల బోర్డులును ఈ పని యొక్క సంవత్సరము చేసి చూపినచో, ఎన్ని కమిటీలు వేసినను రాని మార్పు వచ్చునని మా విశ్వాసము.

అయితే ప్రభుత్వముపై నెపము పెట్టి మనము తప్పించుకొనరాదు. మా పాఠకులలో భూవసతి గలవారు, పట్టణములందు ఉద్యోగ వ్యాపారములలో నున్నవారు పెక్కుమంది. ఈ కళాశాలలకు పోషకులు మనమే. ఎకరమో అఱయెకరమో అమ్మి కుమారుని పంపిన తండ్రిని మేము నిందింపము. బిడ్డపై ప్రేమ లేనివాడు పొలమమ్మడు. కాని పొలమమ్మిన సంగతి బిడ్డకు దినదినము చెప్పువాడు వాని వీపుపై ఆ యెకరమును మోపుచున్నాడు. ఆడుబిడ్డలపై బరువు మఱియొక విధమైనది. ర్యాంకు రానిచో చదువు చాలించి సంబంధము చూతుమన్న మాట పెక్కు యిండ్లలో పరిహాసముగ ననబడును, ఆమె దానిని పరిహాసముగ వినదు.

మఱియు సీటు రానివానికి లోకమున త్రోవ లేదనుట వట్టిమాట. ఇంటర్మీడియెటున తప్పినవారికి కొలది వారములలోనే అనుబంధపరీక్ష గలదు. పదవ తరగతి తరువాత పాలిటెక్నికున మూడేండ్లు చదివి ఈసెట్టు వ్రాసి ఇంజనీరింగు రెండవ సంవత్సరమున నేరుగ చేరవచ్చును. చేతిపని తెలిసిన యట్టి విద్యార్థులు తరగతిలో వెనుకబడుట మే మెఱుగము. డిగ్రీ కళాశాలలలో బి.యస్సీ., బి.కాం. చదివి న్యాయవాదులు, లెక్కల నిపుణులు, ఉపాధ్యాయులు, అధికారులైనవారు ప్రతి యూరను గలరు. వీరి ఛాయాచిత్రముల నే కళాశాలయు తొలిపుటలో వేయింపదు. అంతమాత్రమున వీరు లేరా?

పదవ తరగతి పరీక్షలు ముగియకముందే, ఫలితముల మాట యటుండగా, కళాశాలల పి.ఆర్.ఓ.లు ఇండ్ల చుట్టు తిరుగుదురు. ఇప్పుడు చేరినచో రుసుము తక్కువ, వచ్చెనెల పెరుగునందురు. ముందుగ ప్రవేశములు జరుపరాదని బోర్డు ఏటేట హెచ్చరించుచునే యున్నది. ఈ సంవత్సరమును వారు మన వసారాలోనికి వత్తురు, కాఫీ త్రాగుదురు, ర్యాంకుల పుస్తకము విప్పుదురు. ర్యాంకులు ఎందఱికి వచ్చినవని మనమెట్లును అడుగుదుము. ఈ యేడు మఱికొన్ని ప్రశ్న లడిగి చూడవలెను. మొత్త మెందఱు చేరిరి? రెండేండ్ల నడుమ నెందఱు మానిపోయిరి? సెక్షనులు దేనినిబట్టి వేయుదురు? సలహాదారు పేరేమి, వారమున నెన్ని దినములు వచ్చును? ఆటస్థలమెచ్చట? తెలుగు చెప్పువారు గలరా? వచ్చినవాడు తడబడినచో వాని జవాబు మనకు దొరకినట్లే. కాగితముపై సంతకము చేయుటకు ముందు కుమారునో కుమార్తెనో లోపలినుండి పిలిచి, ఈ ప్రశ్నలన్నియు వారి యెదుటనే యడుగుట మంచిది.